ఇల్లంతా తెలిసిన మనిషి పడిపోయిన రాత్రి

(శ్రీకాకుళంలో విశ్రాంత ఉపాధ్యాయుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు విచ్చేసిన పెద్దలకు, తోటి ఉపాధ్యాయ మిత్రులకు, ఇంటి పనులు ముగించుకొని శ్రమపడి వచ్చిన సోదరీమణులకు నమస్కారం. ఉన్నత పాఠశాలల్లో 33 ఏళ్లు జీవశాస్త్రం చెప్పినవాడిని కాబట్టి, ఈ నెల జీర్ణవ్యవస్థ గురించి, ఈ వయసులో దానికి వచ్చే ఇబ్బందుల గురించి మాట్లాడమని మన కార్యదర్శి గారు కోరారు. ఆ విషయమే మాట్లాడతాను. అయితే నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పినట్టు కాక, గత కార్తీకంలో నా భార్య కడుపులో ఏం జరిగిందో, దానివల్ల మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. ఆమెను అడిగి, ఆమె సరేనన్నాకనే చెబుతున్నాను.

అది కార్తీక సోమవారం. నా భార్య తెల్లవారుజామునే చన్నీటి స్నానం చేసి, మా ఊరి ఆడవాళ్లతో కలిసి ఆటోలో శ్రీముఖలింగం వెళ్లి, మధుకేశ్వర స్వామి దర్శనం కోసం రెండు గంటలకు పైగా వరుసలో నిలబడి, మధ్యాహ్నం దాటాక ఇంటికి చేరుకుంది. ఉపవాసం కనుక చుక్కలు కనిపించే వరకు నోట్లో ఏమీ వేసుకోదు. నాలుగేళ్లుగా ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఆ రోజు నిలబడిన నొప్పి ఓర్చుకోలేక, ఉత్త నీళ్లతో రెండు నొప్పి మాత్రలు మింగిందట. అంతకుముందు కూడా ఆరేడు నెలలుగా దాదాపు రోజూ ఒకటి వేసుకుంటోందట. ఈ 'అట' అనే మాట అనవలసి రావడమే నాకు ఇవాళ్టికీ బాధగా ఉంది. ఒకే ఇంట్లో, ఒకే కప్పు కింద ఉంటూ, నేను ఆ సంగతి ఆసుపత్రిలో విన్నాను.

రాత్రి ఒంటిగంట దాటాక "ఏవండీ" అని పిలిచింది. లైటు వేసి చూస్తే మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని, గోడవైపు తిరిగి పడుకొని ఉంది. కడుపులో కత్తి దిగినట్టుందని ఒక్క మాటే అంది. తరువాత కదలలేదు. సాధారణంగా పేగు మెలిపెట్టినా, మూత్రపిండంలో రాయి ఉన్నా మనిషి నిలువలేక అటూ ఇటూ దొర్లుతాడు. కడుపులోపలి పొరకు మంట తగిలిన మనిషి మాత్రం చిటికెన వేలు కూడా కదపడు, ఎందుకంటే కదిలితే ఆ పొర ఒరుసుకొని ప్రాణం పోయినట్టుంటుంది. నేను ఆ తేడాను గుర్తించలేదు. ఆమె కదలకుండా పడుకోవడాన్ని ఓర్పు అనుకున్నాను.

మా ఊళ్లో వైద్యం చేసే అతన్ని లేపి తీసుకువచ్చాను. గ్యాస్ పట్టేసిందని చెప్పి ఒక ఇంజెక్షన్ చేశాడు. మా అమ్మకు 86 ఏళ్లు, ఆమె లేచి వాము కషాయం కాచి రెండు గుక్కలు తాగించింది. నాలుగు గంటల ప్రాంతంలో నొప్పి కొంత తగ్గిందని నా భార్య చెప్పింది. నాకు ఊరట కలిగింది, కుర్చీలో కళ్లు మూసుకున్నాను. ఈ సభలో నేను గట్టిగా చెప్పదలుచుకున్న విషయాల్లో మొదటిది ఇదే. అల్సర్, అంటే జీర్ణాశయంలోనో పేగులోనో పడిన పుండు, చిల్లు పడినప్పుడు మొదటి కొన్ని గంటలు భరించలేని నొప్పి వచ్చి, తరువాత కొంతసేపు అది తగ్గినట్టు అనిపిస్తుంది. కారిన ఆమ్లం కడుపులోపల ఊరే నీటితో పలచబడడమే దానికి కారణం. జబ్బు తగ్గలేదు, లోపల వ్యాపిస్తూనే ఉంది. ఆ రెండు గంటల మోసపు ఊరటలోనే చాలా ఇళ్లలో తెల్లవారనిద్దామని అనుకుంటారు. మేమూ అనుకున్నాం.

ఆరు గంటలకు చూస్తే ముఖం పాలిపోయి, నుదురు మీద చల్లటి చెమట పట్టి ఉంది. కడుపు మీద చెయ్యి వేశాను. పీట మీద చెయ్యి వేసినట్టుంది. అప్పుడు పక్కింటి అబ్బాయి నన్ను అడగకుండానే 108కి ఫోన్ చేశాడు. ఆ అబ్బాయికి నేను రుణపడి ఉన్నాను. మన రాష్ట్రంలో 108 వాహనాలు 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. నా చిన్నతనంలో మా పెదనాన్నగారికి ఇలాంటి కడుపునొప్పే వస్తే, నులకమంచానికి తాళ్లు కట్టి నలుగురు మోసుకొని రోడ్డు దాకా తీసుకువెళ్లడం, బస్సు కోసం వేచి ఉండగానే ఆయన పోవడం నాకు గుర్తుంది. ఏ జబ్బుతో పోయారో ఎవరికీ తెలియదు. శూలనొప్పి అన్నారు, అంతే.

శ్రీకాకుళంలో ఆసుపత్రికి చేరగానే డ్యూటీ డాక్టరు కడుపు నొక్కి చూసి, ఛాతీకి నిలబెట్టి ఎక్స్‌రే తీయించారు. ఊపిరితిత్తులకూ కడుపుకూ మధ్యనున్న కండర పొర కింద, కుడివైపున, సన్నటి నెలవంక ఆకారంలో నల్లటి గీత కనిపించింది. అది గాలి. జీర్ణాశయంలోనో పేగులోనో ఉండవలసిన గాలి, చిల్లులోంచి బయటకు వచ్చి పైకి చేరిందన్న మాట. ఉదర వితానం అనే ఆ పొర బొమ్మను నేను ఎన్ని వందల సార్లు నల్లబల్ల మీద గీసి ఉంటానో లెక్క లేదు. దాని కింద గాలి ఉంటే దాని అర్థం ఏమిటో ఆ ఉదయం తెలిసింది.

ఆ తరువాత డాక్టరుగారు నన్ను వరుసగా ప్రశ్నలు అడిగారు. ఆమెకు షుగర్ ఉందా, ఏ మందులు వాడుతున్నారు, ఎన్నాళ్ల నుంచి, ఏదైనా మందు పడదా, ఇదివరకు మత్తు ఇచ్చారా, రక్తం ఏ గ్రూపు, ఆఖరుసారి ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు. ఒక్కదానికీ నా దగ్గర సరైన సమాధానం లేదు. స్ట్రెచర్ మీద మూలుగుతున్న ఆమె కళ్లు తెరిచి తనే చెప్పింది. "మోకాళ్లకి మాత్రలండి, ఆరేడు నెలలయింది. గ్రూపు బీ పాజిటివ్. పెన్సిలిన్ పడదు." అంతా చెప్పి, ఊపిరి తీసుకొని, నర్సుతో ఇంకో మాట అంది. "ఈయన పొద్దున్న బీపీ మాత్ర ఎయ్యలేదమ్మా, కాస్త చూడండి."

నా మాత్ర పేరు, మోతాదు, వేళ ఆమెకు తెలుసు. ఆమెవి నాకు తెలియవు. పదవీ విరమణ చేసి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లూ ఇద్దరం పగలూ రాత్రీ ఒకే ఇంట్లో ఉన్నాం. నేను చెడ్డ భర్తనని ఆమె ఎన్నడూ అనలేదు, నేనూ అనుకోలేదు. అయినా ఆ క్షణంలో, ఆమె ప్రాణం నిలపడానికి కావలసిన నాలుగు ముక్కలు ఆమె నోటి నుంచే రావలసి వచ్చింది. స్పృహ తప్పి ఉంటే ఆ పెన్సిలిన్ సంగతి ఎవరు చెప్పేవారు? ఆ గ్రూపు మందులు ఇన్ఫెక్షన్‌కు ఆసుపత్రుల్లో విరివిగా ఇస్తారు. ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

పెద్ద డాక్టరుగారు మందుల చీటీ వెనుక బొమ్మ గీసి చూపించారు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారు కాకుండా ఆపుతాయి. ఆస్పిరిన్ ఇలాగే పనిచేస్తుందని జాన్ వేన్ అనే శాస్త్రవేత్త 1971లో కనుగొన్నారు, 1982లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మోకాలిలో నొప్పిని, వాపును పెంచేవి ఆ పదార్థాలే. అయితే జీర్ణాశయం గోడకు జిగురు పొరను, రక్త ప్రసారాన్ని ఇచ్చి, తన ఆమ్లం తననే తినకుండా కాపాడేవి కూడా అవే. మాత్ర మోకాలికి, కడుపుకు తేడా చూడదు, రెండు చోట్లా ఆపేస్తుంది. పుండుకు రెండో పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి. బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఆస్ట్రేలియా వైద్యులకు 2005లో నోబెల్ వచ్చింది దాని మీద చేసిన కృషికే. వయసు 60 దాటినవారు, రోజుల తరబడి ఈ మాత్రలు వేసుకునేవారు, వీటితో పాటు గుండెకు ఆస్పిరిన్ గానీ, స్టెరాయిడ్లు గానీ వాడేవారు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. అన్నం తిన్నాక వేసుకుంటే ఏమీ కాదని మనలో చాలామంది నమ్మకం. తిన్నాక వేసుకోవడం మంచిదే కానీ, అంతమాత్రాన ప్రమాదం పోదు, ఎందుకంటే మాత్ర రక్తంలో కలిసిన తరువాత కూడా అదే పని చేస్తుంది. అందుకే డాక్టరును అడగకుండా వారాల తరబడి వీటిని వాడకండి. దుకాణంలో పేరు చెబితే ఇచ్చేస్తున్నారు కదా అని అది పప్పు, ఉప్పు లాంటి సరుకు అయిపోదు.

వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. అక్కడ మా కుటుంబంలో వాదన మొదలయింది. అప్పటికి మా తోడల్లుడు, బావమరిది వచ్చారు, బెంగళూరు నుంచి అబ్బాయి ఫోన్‌లో ఉన్నాడు, చీపురుపల్లి నుంచి అమ్మాయి, అల్లుడు బయలుదేరారు. "విశాఖ తీసుకుపోదాం బావా, అక్కడైతే అన్నీ ఉంటాయి" అని బావమరిది పట్టుపట్టాడు. ప్రేమతోనే అన్నాడు. ఇక్కడి నుంచి రణస్థలం, భోగాపురం, తగరపువలస దాటుకొని వెళ్లాలి, వంద కిలోమీటర్ల పైచిలుకు. డాక్టరుగారు కోపగించుకోకుండా ఒక్క సంగతే చెప్పారు. "తీసుకువెళ్తామంటే రాసిస్తాను. కానీ ఈ ఆపరేషన్ ఇక్కడ చేయగలం, మత్తు డాక్టరు ఉన్నారు, రక్తం దొరుకుతుంది. ప్రయాణానికి, అక్కడ మళ్లీ పరీక్షలకు పట్టే నాలుగైదు గంటలు ఆమె దగ్గర లేవు."

అందరూ నావైపు చూశారు. పిల్లల చదువు, పెళ్లి, ఇల్లు కట్టడం, ఏ పెద్ద విషయమైనా నేను తలుపు దగ్గర నిలబడి, లోపల వంటింట్లో ఉన్న ఆమెను "ఏమంటావు?" అని అడిగి నిర్ణయించినవాణ్ణి. ఇప్పుడు ఆమె గురించి ఆమెను అడగాలి. స్ట్రెచర్ దగ్గరకు వెళ్లి అడిగాను. "ఇక్కడే చేయించీండి" అంది. అంగీకార పత్రం మీద, ప్రాణాపాయం ఉండవచ్చునని రాసిన వాక్యం కింద, సంతకం చేశాను. పరీక్ష పేపర్ల మీద, సర్వీసు పుస్తకాల మీద వేల సంతకాలు చేసిన చెయ్యి నాది. ఆ సంతకం నాదిలా లేదని బ్యాంకువాళ్లు చూస్తే అంటారు.

థియేటర్‌లోకి తీసుకువెళ్లే ముందు ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదన్నారు. రక్తం ఆపడానికి కరెంటు పరికరం వాడతారు, లోహం తగిలి ఉంటే ఒళ్లు కాలే ప్రమాదం ఉంటుంది. గాజులు, మట్టెలు తీశారు. మెడలో పుస్తెల గొలుసు దగ్గర మా మరదలు చెయ్యి ఆగిపోయింది. తీయనని ఏడ్చింది. స్టాఫ్ నర్సు ఏమీ అనకుండా బయటకు వెళ్లి, ఎక్కడ సంపాదించిందో, పసుపు రాసిన దారం ఒకటి తెచ్చింది. నా భార్య దాని వైపు చూసి, చెల్లెలితో, "తీసీవే. మనిషుంటే కదా పుస్తెలు" అంది. మరదలు గొలుసు తీసి, పసుపు తాడు మణికట్టుకు కట్టింది. ఆ గొలుసును, రెండు మట్టెలను రుమాల్లో మూటకట్టి నా చొక్కా జేబులో వేశారు. రెండున్నర గంటలు ఆ మూట మీద చెయ్యి తీయకుండా కూర్చున్నాను. తాళి తీయడం అపశకునమని ఆ సమయంలో ఎవరైనా అంటే దయచేసి వారిని పక్కకు తీసుకువెళ్లండి, రోగి చెవిన పడనివ్వకండి. మా మరదలికి ధైర్యం చెప్పవలసిన భారం కూడా కత్తి కిందకు వెళ్లే మనిషి మీదే పడింది.

లోపల చేసిన పని చెబుతాను. ఆంత్రమూలం, అంటే జీర్ణాశయం దాటగానే వచ్చే చిన్నపేగు మొదటి భాగం, దాని మొదట్లోనే కందిగింజంత చిల్లు ఉందట. దాన్ని ఉత్తినే కుట్టితే వాచిన గోడ చిరిగిపోతుంది. పేగుల మీద దుప్పటిలా పరుచుకొని ఉండే కొవ్వు పొర ఒకటి మనందరికీ ఉంది. దాని కొసను తెచ్చి చిల్లు మీద కప్పి, కుట్లు వేసి బిగిస్తారు. తరువాత లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడుపంతా కడుగుతారు. లోపల ఊరే నీరు బయటకు పోవడానికి పక్కన గొట్టం పెడతారు. నేను జీర్ణవ్యవస్థ పాఠంలో ఆ కొవ్వు పొర గురించి ఒక్క వాక్యం కూడా చెప్పలేదు, పుస్తకంలో లేదు. దాని వల్లనే ఈ రోజు నా భార్య బతికి ఉంది.

రక్తం రెండు యూనిట్లు సిద్ధంగా ఉంచమన్నారు. నా దగ్గర పదో తరగతి చదివిన ఒక విద్యార్థి, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, ఊళ్లో కబురు తెలిసి మోటారు సైకిలు మీద వచ్చి, నన్ను పలకరించకుండా నేరుగా రక్తనిధికి వెళ్లి ఇచ్చాడు. 18 ఏళ్లు నిండి, 65 దాటకుండా, 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉన్న ఆరోగ్యవంతులు 350 మిల్లీలీటర్లు ఇవ్వవచ్చు. మగవారు మూడు నెలలకొకసారి, ఆడవారు నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు. మన వయసువారి పని ఇవ్వడం కాకపోవచ్చు, ఇచ్చే పిల్లల ఫోన్ నంబర్లు దగ్గర పెట్టుకోవడం మన పని.

ఆపరేషన్ తరువాత పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. మొదటి రెండు రోజులు ఐసీయూలో, తరువాత వార్డులో. ముక్కులోంచి జీర్ణాశయానికి గొట్టం, మూత్రానికి గొట్టం, పొట్ట పక్కన గొట్టం, చేతికి సెలైన్. నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు. ఆమె అడిగింది ఒక్కటే, నీళ్లు. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయిన మనిషి, ఇన్నేళ్లుగా మనకు వేళకు అన్నీ అందించిన మనిషి, చెంచాడు నీళ్లు అడిగితే లేదనడం ఎంత కష్టమో అనుభవించినవారికి తెలుస్తుంది. దూదిని తడిపి పెదాలు తుడిచేవాణ్ణి. ఆమె ఆ దూదిని పెదాలతో పట్టుకునేది, నేను మెల్లగా లాగేవాణ్ణి.

మూడో రోజు నేను మందుల కోసం కిందకు వెళ్లిన పది నిమిషాల్లో, ఊరి నుంచి చూడడానికి వచ్చిన మా బంధువు ఒకావిడ జాలిపడి, కొబ్బరి నీళ్లే కదా అని గ్లాసు నోటి దగ్గర పెట్టింది. పక్క మంచం రోగి కూతురు కేక వేసి ఆపింది. ఆ బంధువుది పాపపు బుద్ధి కాదు, ప్రేమే. కానీ కుట్టిన చోటు అతుక్కోకముందే కడుపులోకి ఏమి వెళ్లినా అక్కడ ఒత్తిడి పడుతుంది, మళ్లీ విచ్చుకుంటే రెండో ఆపరేషన్ తప్పదు. ఆ రోజు నుంచి మా అల్లుడు ఒక అట్ట మీద 'నోటితో ఏమీ ఇవ్వరాదు' అని పెద్ద అక్షరాలతో రాసి మంచానికి కట్టాడు. చూడడానికి వచ్చేవారిని కింద చెట్టు దగ్గరే కలుసుకొని, కబుర్లు చెప్పి, టీ ఇప్పించి పంపే బాధ్యత మా తోడల్లుడు తీసుకున్నాడు. మన పల్లెల్లో ఆటో కట్టించుకొని పదిమంది రావడం మర్యాద. ఆ మర్యాదను మంచం దాకా రానివ్వకుండా గౌరవించడానికి ఒక మనిషిని పెట్టుకోవాలి.

రోజూ ఉదయం పెద్ద డాక్టరుగారు వచ్చి ఒకే ప్రశ్న అడిగేవారు. "గ్యాస్ పోయిందా అమ్మా?" ఆపరేషన్ చేసినప్పుడు పేగులు కదలడం మానేస్తాయి. మళ్లీ కదిలాయనడానికి ఆ గాలే గుర్తు. నలుగురి ముందు ఆ మాటకు జవాబు చెప్పడానికి ఆమె సిగ్గుపడేది. నాలుగో రోజు తెల్లవారుజామున నన్ను లేపి, చెవిలో చెప్పింది. నేను వరండాలోకి వెళ్లి పిల్లలిద్దరికీ ఫోన్ చేశాను. అమ్మాయి పుట్టిన కబురు చెప్పినప్పుడు ఎంత సంతోషించానో అంత సంతోషం కలిగింది. ఆ రోజు చెంచాతో నీళ్లు, మరునాడు గంజితేట, ఆ తరువాత పలచటి చోడి జావ. ఆ జావ కాచింది మా అమ్మాయి. ఒంట్లో శక్తి లేకపోయినా ఆమె, "ఉండలు కట్టించీకుండా బాగా కాసినావు" అని మెచ్చుకుంది.

మంచం దగ్గర ఎవరుండాలనే విషయంలో మేము మొదట తప్పు చేశాం. మొదటి మూడు రాత్రులు నేనే ఉన్నాను. మూడో రోజుకు నా బీపీ పెరిగి, మెట్ల దగ్గర కళ్లు తిరిగి కూర్చుండిపోయాను. అప్పుడు మా అమ్మాయి కాగితం మీద గీతలు గీసింది. రాత్రి అబ్బాయి, పగలు మరదలు, డాక్టర్లు వచ్చే ఉదయం వేళకు నేను. ఎవరు మారినా, ఏ మందు ఇచ్చారు, గొట్టంలోంచి ఎంత నీరు వచ్చింది, డాక్టరుగారు ఏం చెప్పారు, అన్నీ ఒకే నోటు పుస్తకంలో రాసి తరువాతి వారికి అప్పగించాలి. అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చినవాడు సెలవు అయిపోయి తిరిగి వెళ్లేటప్పుడు, తనకు ఇంకేమీ చేతకాదన్నట్టు బాధపడ్డాడు. ఆ పుస్తకంలో అతను రాసిన నాలుగు రాత్రుల పేజీలు చూసే డాక్టరుగారు జ్వరం ఏ వేళకు వస్తోందో తెలుసుకొని మందు మార్చారు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట మొదలయిన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. మిగిలినవి అనంతపురం, మహబూబ్‌నగర్. ఇప్పుడు అదే ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. మనలాంటి పింఛనుదారులకు ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉంది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి బల్ల వేసుకొని కూర్చుంటారు. వెళ్లిన వెంటనే ఇంట్లో ఒకరు ఆ బల్ల దగ్గరకు వెళ్లాలి. నాకు కార్డు కావలసి వచ్చినప్పుడు అది ఎక్కడుందో తెలియలేదు. పక్కింటి ఆమె మా ఇంట్లో గంటన్నర వెతికి, చివరకు బీరువాలో పట్టుచీరల అడుగున బిస్కెట్ల రేకుడబ్బాలో కనిపెట్టింది. అందులో కార్డుతో పాటు నా పింఛను కాగితాలు, గ్యాస్ పుస్తకం, పిల్లల టీకాల చీటీలు, మా పెళ్లి శుభలేఖ వరుసగా పెట్టి ఉన్నాయి. డబ్బా నా భార్యకు తెలుసు. ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

ఇంటి దగ్గర మా అమ్మ ఉంది, గేదె ఉంది. గేదె నా భార్య చేతికి తప్ప పాలివ్వదు. రెండు పూటలు పొదుగు బిగబట్టి అరిచింది. మూడో పూట పక్కింటి ఆమె నా భార్య పాత చీర కట్టుకొని వెళ్లి కూర్చుంటే చేపింది. మా అమ్మ ఆ పది రోజులూ కోడలి గది తలుపు దగ్గర చాప వేసుకొని పడుకుంది. వాము కషాయం తాగించింది తనే కదా అని కుమిలిపోయింది. దానివల్ల కాదని, చిల్లు అంతకు ముందే పడిందని డాక్టరుగారి చేత ఫోన్‌లో చెప్పించాను. ఇంట్లో పెద్దవారికి ఇలాంటి అపరాధ భావన కలిగితే మన మాట చాలదు, తెల్ల కోటు మనిషి చెప్పాలి.

డిశ్చార్జి కాగితం మీద మూడు నెలలు బరువులు ఎత్తరాదని ఉంది. మన ఇళ్లలో బరువు అంటే బస్తా అనుకుంటాం. నీళ్ల బిందె, రుబ్బురోలు పొత్రం, తడి బట్టల బకెట్, గంజి వార్చే అన్నపు డేగిసా, ఇవన్నీ బరువులే. పొట్ట గోడ కుట్లు లోపల పూర్తిగా గట్టిపడడానికి వారాలు పడుతుంది, ఈలోగా ఒత్తిడి పడితే అక్కడ గిలక (హెర్నియా) దిగుతుంది. ఇంటికి వచ్చిన మూడో రోజు ఉదయం, పొట్టకు బెల్టు కట్టుకొని, గోడ పట్టుకొని, ఆమె వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. "అన్నం నేను వారుస్తాను, మీకు చేతులు కాలతాయి" అంది. నేను కుర్చీ తెచ్చి గడప దగ్గర వేసి కూర్చోబెట్టి, ఆమె చెబుతుండగా అన్నం వార్చాను. ఆ రోజు నుంచి మధ్యాహ్నం వంట నాది. ఆమె కోలుకున్నాక కూడా నాదే.

ఆ కుర్చీలో కూర్చున్న రోజుల్లో ఆమె చేత చెప్పించుకొని ఒక నోటు పుస్తకం రాశాను. పాలు ఎవరికి ఎంత పోస్తాం, ఎవరు ఎంత బాకీ, అమ్మకు ఏ కూర పడదు, అబ్బాయి రక్తం గ్రూపు, ఏ చీటీ ఏ తేదీన కట్టాలి, రేకుడబ్బాలో ఏ కాగితం ఉంది, ఆమెకు ఏ మందు పడదు. 41 పేజీలు అయింది. రాస్తున్నంత సేపూ, ఈ 41 పేజీలూ ఆమె తలలో పెట్టుకొని తిరుగుతుంటే నేను పేపరు చదువుతూ కూర్చున్నాననే తలంపు నన్ను వదలలేదు. ఇప్పుడు మోకాళ్లకు డాక్టరు చెప్పిన వ్యాయామాలు చేస్తోంది, నొప్పి ఎక్కువయితే పారాసిటమాల్ వాడుతోంది. హెలికోబాక్టర్‌కు రెండు వారాల మందుల కోర్సు పూర్తయింది.

ఆ పుస్తకంలోంచి మందుల పేజీ ఒకటి విడిగా రాసి, మడిచి, నా చొక్కా జేబులో పెట్టుకుంటున్నాను. ఆమె జేబుసంచిలో నాది ఉంటుంది. పేరు, వయసు, రక్తం గ్రూపు, పడని మందు, రోజూ వాడే మందులు, పాత ఆపరేషన్లు, పిల్లల ఫోన్ నంబర్లు, అంతే. ఈ కాగితం మొదటి వరుసలో వారికి ఇస్తున్నాను, వెనక్కు అందిస్తూ చూడండి, చూసి నాకు తిరిగి ఇవ్వండి. ఆమె మూడో వరుసలో కూర్చొని ఉంది. డాక్టరుగారు మూడు గంటలకొకసారి కొంచెం కొంచెంగా తినమన్నారు, ఇప్పుడు పన్నెండు అయింది, డబ్బాలో ఇడ్లీలు తెచ్చాను.